గోడ లోపలి చలికాలం

డిసెంబరులో గౌలిపుర తెల్లవారకముందే మేలుకుంటుంది. హోటళ్లలో రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన పాయా, నహారీ దేగిశాల మూతలు తీసేసరికి ఆవిరి గల్లీ మొగదాకా వస్తుంది. ధనుర్మాసం కాబట్టి గుడి మైకులో తిరుప్పావై మొదలవుతుంది. శాలిబండ వైపు నుంచి ఫజర్ అజాన్ దానికి కాస్త అటూ ఇటూగా వినిపిస్తుంది. వాకిట్లో సాన్పి చల్లి ముగ్గులు పెట్టే ఆడవాళ్లు, చెవులకు మఫ్లర్లు చుట్టుకున్న పాలవాళ్లు, అట్టముక్కలతో చలిమంట వేసుకున్న ఆటోవాళ్లు ఒక్కొక్కరే కనిపిస్తారు. హైదరాబాద్ చలి నిజానికి పెద్ద చలి కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో మామూలుగా 14, 15 డిగ్రీల దగ్గర ఆగుతుంది. బేగంపేటలో ఇప్పటిదాకా నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు. అది 1946 జనవరి 8 నాటి మాట. ఒంటిమీద స్వెట్టరు, ఇంట్లో రజాయి, చేతిలో వేడి చాయ్ ఉన్నవాళ్లకు ఇది పండగ చలి. ఆ మూడింటిలో ఒక్కటీ తమ ఇష్టం మీద దొరకని మనుషులు ఈ బస్తీకి నాలుగైదు కిలోమీటర్ల లోపే వందల్లో ఉన్నారు. ఈ వారం మన నడక వాళ్ల చలికాలం వైపు.

గౌలిపుర పేరుతో ఒకప్పుడు ఒక దర్వాజా ఉండేది. 1724 ప్రాంతంలో మొఘల్ సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టి, తర్వాత మొదటి అసఫ్ జా పూర్తిచేసిన నగర ప్రాకారానికి 13 దర్వాజాలు, 13 ఖిడ్కీలు అని లెక్క. గౌలిపుర దర్వాజా, లాల్ దర్వాజా, అలియాబాద్ దర్వాజా అన్నీ పోయి బస్తీల పేర్లుగా మిగిలాయి. ఇప్పటికీ నిలబడి ఉన్నవి పురానాపూల్, దబీర్‌పుర దర్వాజాలు రెండే. మన దారి దబీర్‌పుర మీదుగానే. సుల్తాన్‌షాహీ, యాకుత్‌పుర సందులు దాటి, రైలు పట్టాల దగ్గరికి వచ్చి, ఆ పాత కమాను చూసుకుని ముందుకు వెళ్తే పాత లెక్కన ఊరి బయటికి వచ్చినట్టే. అక్కడే చంచల్‌గూడ. ఊరిని కాపాడటానికి కట్టిన గోడ కూలిపోయింది. ఊరి బయట 1876లో కట్టిన జైలు గోడ మాత్రం, నగరం చుట్టూ పెరుగుతూ రాగా, ఊరి నడుమకు వచ్చి నిలిచింది.

మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉండి నిజాం రాజ్యపు కచేరీలు, కోర్టులు, పోలీసు అన్నిటినీ కొత్త పద్ధతిలో పెడుతున్న కాలమది. చంచల్‌గూడ జైలు ఆ మార్పుల్లో పుట్టింది. ఇప్పుడు దాని చుట్టూ ప్రభుత్వ ముద్రణాలయం, జూనియర్ కాలేజీ, దుకాణాలు, ఇళ్లు. గోడకు ఇవతల నిలబడితే లోపల ఒక ఊరికి ఊరే ఉందన్న సంగతి తట్టదు. జైలు శాఖ నడిపే పెట్రోలు బంకు కనిపిస్తుంది. ‘మై నేషన్’ పేరుతో ఖైదీలు తయారుచేసిన సబ్బులు, బేకరీ సరుకులు, బట్టలు, కుర్చీలు అమ్ముతారు. ములాఖత్ కోసం వచ్చినవాళ్లు గుర్తింపు కార్డులు పట్టుకుని వరసలో ఉంటారు. ఈ నెలల్లో వాళ్ల చేతి సంచులు మామూలు కన్నా లావుగా కనిపిస్తాయి. పాత స్వెట్టరో, ఉన్ని టోపీయో, చద్దరో తెస్తారు. లోపలికి ఏది వెళ్తుందో, ఏది వెనక్కి వస్తుందో గేటు దగ్గర తేలుతుంది.

బయట తిరిగే మనకు చలి అంటే గాలి. జైల్లో చలి అంటే ముందు గోడ. మందమైన ఇటుక, సున్నపు గోడల్లో వేడి చాలా నెమ్మదిగా నడుస్తుంది. అడుగున్నర మందం ఉన్న గోడలో మధ్యాహ్నపు ఎండ వేడి అవతలి ముఖానికి చేరేసరికి పది పన్నెండు గంటలు పడుతుంది. రాత్రి చలిదీ అదే నడక. అందుకే పాతకాలపు కట్టడాల్లో, బయట ఎండ కాస్తున్న వేళ కూడా లోపల నేల జిల్లుమంటూ ఉంటుంది. దీనికితోడు జైలు తలుపుకు ఊచలే గాని రెక్కలుండవు. వేసవిలో ఆ ఊచలు దయ చూపిస్తాయి. పుష్యమాసంలో అవే ఊచల్లోంచి తెల్లవారుజాము గాలి నేరుగా పడక మీదికి వస్తుంది.

రెండోది, రాత్రి పొడవు. మన జైళ్లలో పొద్దుగూకే వేళకు లెక్కపెట్టి లాకప్ చేస్తారు, మళ్లీ తెల్లవారాకే తాళాలు తీస్తారు. డిసెంబరు 21, 22 తేదీల్లో హైదరాబాద్‌లో సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా 12 గంటల 50 నిమిషాల పైమాటే. జూన్‌తో పోలిస్తే ఇది రెండు గంటలు ఎక్కువ. మనకు ఆ రెండు గంటలు టీవీ ముందో, దుప్పటి కిందో తెలియకుండా గడిచిపోతాయి. లోపలివాళ్లకు అవి గది నాలుగు మూలల మధ్య అదనంగా వచ్చి పడ్డ కాలం. చలికాలపు శిక్ష కాగితం మీద ఉన్నదానికన్నా కాస్త పొడుగ్గా ఉంటుందని నా నమ్మకం.

అయితే అదే చలికాలం జైలుకు ఇచ్చేది ఒకటుంది. అది నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న సంగతి. హైదరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరాన 17 డిగ్రీల పైచిలుకు అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు దక్షిణం వైపు తలుపున్న గదిలోకి ఆ వేళ ఎండ అడుగు కూడా పెట్టదు. అయనాంతానికి వచ్చేసరికి అదే సూర్యుడు దక్షిణానికి దిగి, ఆకాశంలో 49 డిగ్రీల ఎత్తులో నిలబడతాడు. లెక్క వేసి చూడండి. ముందు వసారా, ఎత్తు గోడ అడ్డం లేకపోతే, ఏడడుగుల ఊచల తలుపులోంచి ఆ ఎండ దాదాపు ఆరడుగులు లోపలికి వస్తుంది. ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకునేంత పొడవు. నేల మీద ఊచల నీడలు, వాటి మధ్య వెలుగు చారలు. పొద్దు జరిగేకొద్దీ అవి గోడవారకు జరుగుతూ పోతాయి. సంవత్సరం మొత్తంలో ఎండ అంత దూరం లోపలికి వచ్చేది ఈ కొద్ది వారాల్లోనే. ఏ అధికారి సంతకమూ అక్కర్లేని ములాఖత్ ఇది.

చలికాలపు రాత్రికి ఇంకో గుణం ఉంది. చీకటి పడ్డాక నేల త్వరగా చల్లబడి, దాని మీది గాలి చల్లగా, పైగాలి కాస్త వెచ్చగా ఉంటుంది. మామూలుగా పైకి పోయి చెదిరిపోయే శబ్దం ఆ వెచ్చటి పొర దగ్గర వంగి మళ్లీ కిందికి వస్తుంది. అందుకే జనవరి రాత్రుల్లో దూరపు చప్పుళ్లు దగ్గరగా వినిపిస్తాయి. గౌలిపుర మేడ మీద పడుకుంటే ఉప్పుగూడ స్టేషన్ దాటే రైలు కూత పక్క గల్లీలోంచే వచ్చినట్టుంటుంది. అదే లైను దబీర్‌పుర, మలక్‌పేట మీదుగా కాచిగూడ వెళ్తుంది. చంచల్‌గూడ దానికి కూతవేటు దూరం. గోడలు చూపును ఆపగలవు గాని ఈ కూతను, అజాన్‌ను, దూరపు బరాత్ బ్యాండు మేళాన్ని ఆపలేవు. లోపల పడుకున్న మనిషికి ఊరు ఎక్కువగా చెవిలోంచే అందుతుంది, అదీ చలికాలంలోనే బాగా అందుతుంది.

వాసనకూ గోడ లెక్క లేదు. హైదరాబాద్‌లో వానలు వెనుదిరిగాక ఆకాశమల్లె పూస్తుంది. కొందరు కాడమల్లె అంటారు. పొడుగాటి తెల్ల కాడల పూలు రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతాయి. చెట్టు ఎక్కడుందో కనబడకపోయినా గాలి వచ్చి చెప్పేస్తుంది. సాయంత్రాల్లో వలస వచ్చిన గులాబీ గోరింకలు గుంపులు గుంపులుగా గూళ్లకు మళ్లుతూ ఆకాశంలో మలుపులు తిరుగుతాయి. రాత్రి తూర్పున పిల్లలకోడి, దాని వెనకే మృగశిర, ఆర్ద్ర పైకెక్కుతాయి. వానాకాలపు మబ్బులు లేవు గనక డిసెంబరు ఆకాశం తేటగా ఉంటుంది. సంక్రాంతి దగ్గరపడితే పాతబస్తీ మిద్దెలన్నీ పతంగులే. తెగిన పతంగి ఎటు పడుతుందో మాంజా పట్టుకున్నవాడి చేతిలో ఉండదు. జైలు గోడ మీదుగా పోవడానికి దానికి అభ్యంతరమేమీ లేదు.

ఈ గోడ వెనక చరిత్రకెక్కిన చలికాలం 1938 నాటిది. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం ఆ ఏడు అక్టోబరు 24న మొదలై డిసెంబరు 24న ఆగింది. సరిగ్గా చలి ముదిరే రెండు నెలలు. ఆ రోజుల్లోనే ఉస్మానియా విద్యార్థులు వందేమాతరం పాడే హక్కు కోసం సమ్మెకు దిగారు. ఆర్యసమాజ్ సత్యాగ్రహం కూడా అప్పుడే ఊపందుకుంది. రాజ్యంలోని జైళ్లన్నీ నిండాయి. జైల్లో కొరడా దెబ్బ పడ్డప్పుడల్లా ‘వందేమాతరం’ అని నినదించిన రామచంద్రరావుకు ఆ మాటే ఇంటిపేరు స్థానంలో స్థిరపడిపోయింది. తర్వాత ఆయన శాసనసభ్యుడయ్యారు, అధికార భాషా సంఘం అధ్యక్షుడయ్యారు. ఎక్కడికి వెళ్లినా వందేమాతరం రామచంద్రరావే.

పదేళ్ల తర్వాత, నిజామాబాద్ ఖిల్లా జైలు. కొండ మీద కోట, కోటలో జైలు. 1948లో అక్కడ యువకవి దాశరథి కృష్ణమాచార్య, ఆయనతోపాటు రచయిత, ప్రచురణకర్త వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. కాగితం, కలం దొరకని చోట దాశరథి పళ్లు తోముకోవడానికి ఇచ్చిన బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడు. తెలంగాణను వీణగా చూసిన ఆయన పద్యం ఆ గోడలతో ముడిపడి తెలుగువాళ్ల నోట నిలిచింది. జైలువాళ్లు గోడ కడిగించేవారు, పద్యం మాత్రం తోటి ఖైదీల నోటికి ఎక్కిపోయేది. ఆ తర్వాత ‘అగ్నిధార’ అచ్చయినప్పుడు దాశరథి దాన్ని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు. ఆళ్వారుస్వామి దారి వేరు. ఆయన చూపు పక్క బ్యారక్‌లోని మామూలు నేరస్తుల మీద పడింది. దొంగలు, హంతకులు, ఎవరూ పట్టించుకోని మనుషులు ఎట్లా లోపలికి వచ్చారో, లోపల ఏం మిగుల్చుకున్నారో అడిగి తెలుసుకున్నాడు. అవే ‘జైలు లోపల’ కథలయ్యాయి. జైల్లో అందం వెతకడమంటే పూలు, నక్షత్రాలు చూడటమే అనుకుంటాం. నా వరకు ఆళ్వారుస్వామి చూసిన అందమే గొప్పది. ఆయన మనుషుల్ని చూశాడు.

జంట నగరాల జైళ్ల నుంచే వచ్చిన మరో పుస్తకం వరవరరావు ‘సహచరులు’. 1985 నుంచి 1989 దాకా సాగిన నిర్బంధంలో సికింద్రాబాద్ జైలు నుంచి ఆయన రాసిన లేఖలు పత్రికల్లో వచ్చి, తర్వాత పుస్తకమయ్యాయి. ఇంగ్లీషు అనువాదానికి కెన్యా రచయిత గూగీ వా థియాంగో ముందుమాట రాశారు. ఆ గూగీయే 1978లో కెన్యాలోని ‘కమిటి’ అనే జైల్లో టాయిలెట్ కాగితాల మీద నవల రాసినవాడు. ఆ నవలను వరవరరావు జైల్లో ఉండగానే తెలుగు చేశారు. నైరోబీ దగ్గరి ఒక సెల్‌లో మొదలైన వాక్యం సికింద్రాబాద్ సెల్‌లో తెలుగైంది. రాజకీయాల్లో ఎవరు ఎటువైపు ఉన్నా, ఆ ప్రయాణం తెలుగు సాహిత్యంలో ఒక వింత.

ముషీరాబాద్ జైలును తలచుకోకుండా ఈ నగరపు చలికాలం గురించి మాట్లాడలేం. ఎమర్జెన్సీ రోజుల్లో, 1975 డిసెంబరు 1న, రైతాంగ విప్లవకారులు భూమయ్య, కిష్టాగౌడ్‌లను అక్కడే ఉరితీశారు. ఆ జైలు ఇప్పుడు లేదు. ఆ స్థలంలో గాంధీ ఆసుపత్రి నడుస్తోంది.

జైల్లో రాయడం, అందం వెతకడం మన దగ్గరే జరిగిన విషయమేమీ కాదు. 1917 డిసెంబరులో బ్రెస్లావ్ జైలు నుంచి జర్మనీ విప్లవకారిణి రోజా లగ్జెంబర్గ్ తన స్నేహితురాలు సోఫీ లీబ్‌క్నెక్ట్‌కు ఒక లేఖ రాసింది. జైల్లో ఆమెకు అది మూడో క్రిస్మస్. చీకటి గదిలో గట్టి పరుపు మీద పడుకుని, కారణం తెలియని సంతోషమేదో తనలో ఉందని చెప్పుకుంది. కాపలా సిపాయి బూట్ల కింద ఇసుక నలిగే చప్పుడులో కూడా ఆమెకు బతుకు పాట వినిపించింది. అదే లేఖలో, రొమేనియా నుంచి తెచ్చిన దున్నల్ని సైనిక బండికి కట్టి సిపాయి నెత్తురు కారేలా కొడుతుంటే, తానేమీ చేయలేక ఏడ్చిన సంగతీ ఉంది. సంతోషమూ, ఆ నెత్తురూ ఒకే కాగితం మీద ఉండటం వల్లే వందేళ్లు దాటినా ఆ లేఖ చదువుతున్నాం. ఆమె ఆకులు, పూలు ఒత్తి దాచుకున్న నోటు పుస్తకాలు 18 దాకా ఉన్నాయి. జైలు ఆవరణల్లో ఏరినవీ వాటిలో ఉన్నాయి. మన భోగరాజు పట్టాభి సీతారామయ్య 1942లో అరెస్టయ్యాక నెహ్రూ తదితరులతో కలిసి అహ్మద్‌నగర్ కోటలో గడిపిన ఏళ్లలో దినచర్య రాసి, తర్వాత ‘ఫెదర్స్ అండ్ స్టోన్స్’గా అచ్చు వేశారు. అదే కోటలో నెహ్రూ రాళ్లు ఏరి, మట్టి తవ్వి పూలమడులు చేశాడు.

ఇన్ని పేర్లు చెప్పుకున్నాక ఒక ప్రమాదం ఉంది. జైలు కవుల్ని పుట్టిస్తుందన్నట్టు, చలి మనిషిని పదునుపెడుతుందన్నట్టు అనిపించవచ్చు. అది తప్పు. దాశరథి గోడ మీద రాసింది జైలు ఇచ్చిన దాంతో కాదు, తన లోపల తెచ్చుకున్న దాంతో. చదువు, స్నేహితుడు, పేరు లేని ఖైదీకి అదే గోడ ఉత్త గోడే. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాలు ఈ సంగతిని లెక్కలో పెట్టాయి. పగటి వెలుగులో చదువుకోగలిగేంత కిటికీ ఉండాలి, రోజుకు కనీసం ఒక గంట ఆరుబయట తిరగనివ్వాలి అన్నాయి. మన 2016 నమూనా జైలు మాన్యువల్ బ్యారక్‌లో ఒక్కొక్కరికి 3.71 చదరపు మీటర్ల చోటు ఉండాలంటుంది. పాత కొలతల్లో 40 చదరపు అడుగులు. ఎండ, ఆకాశం, నడక, నలుగురిలో ఉన్నా తనకంటూ ఒక చాప వెడల్పు. అందం చూడటానికి మనిషికి కావలసిన సామగ్రి ఇంతే, దాన్ని ఈ నియమాలు కనీస అవసరంగా రాసిపెట్టాయి.

లోపలివాళ్లలో ఎక్కువమందికి ఇంకా శిక్షే పడలేదన్నది మనం తరచూ మరిచిపోయే నిజం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ప్రతి నలుగురిలో ముగ్గురన్నమాట. జామీను కట్టలేక, పూచీ పడేవాళ్లు లేక చలికాలం తర్వాత చలికాలం గడిపేవాళ్లు ఈ లెక్కలో ఉన్నారు. తెలంగాణ జైళ్లలో ‘విద్యాదానం’ పేరుతో చదువు రానివాళ్లకు అక్షరాలు నేర్పే కార్యక్రమం నడిచింది. వేలిముద్రతో లోపలికి వచ్చి సంతకం పెట్టి బయటికి వెళ్లినవాళ్లున్నారు. పొడుగాటి రాత్రికి అంతకన్నా మంచి వాడకం నాకు తోచదు.

చూడాలనుకునేవారికి కొన్ని వివరాలు. గౌలిపుర వాసులకు దగ్గరి ఎంఎంటీఎస్ స్టేషన్ ఉప్పుగూడ. అక్కడ ఎక్కితే యాకుత్‌పుర తర్వాత దబీర్‌పుర, ఆపైన మలక్‌పేట. ఈ రెండింటిలో ఎక్కడ దిగినా చంచల్‌గూడకు నడిచి లేదా ఆటోలో వెళ్లవచ్చు. దబీర్‌పుర దర్వాజాను పొద్దున పూట, రద్దీ పెరగకముందు చూడటం మేలు. చంచల్‌గూడ జైలు పనిచేస్తున్న జైలు, చూసిరావడానికి వీలుండదు, గోడల దగ్గర ఫొటోలు తీయకూడదు. పాత జైలును లోపలి నుంచి చూడాలంటే హైదరాబాద్‌కు 60 కిలోమీటర్ల దూరంలోని సంగారెడ్డి ఉంది. 1796లో కట్టిన ఆ జైలు 2012 దాకా నడిచింది. 2016లో దాన్ని మ్యూజియం చేసి, 500 రూపాయలు కట్టినవాళ్లు 24 గంటలు ఖైదీలా గడిపే ఏర్పాటు మొదలుపెట్టారు. వెళ్లేముందు జైళ్ల శాఖను ఒకసారి అడిగి బయల్దేరండి. నిజామాబాద్ ఖిల్లాను మాత్రం దాశరథిని చదివి వెళ్లండి.

ఇంట్లో చదివేసిన తెలుగు, ఉర్దూ పుస్తకాలుంటే తూకానికి వేయకండి. జైలు గ్రంథాలయానికి తీసుకుంటారేమో సూపరింటెండెంట్ కార్యాలయంలో అడగండి. కంబళ్ల సంగతీ అక్కడే అడగండి. సంక్రాంతి దాకా ఆగకుండా ఈ వారమే అడగండి, చలి ముదిరేది ఇప్పుడే.